‘ఆయ్’ విని నొక్కిన మీట

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, జూన్‌లో, కర్నూలు నుంచి అమలాపురం దగ్గరి ఒక పాలిటెక్నిక్‌కు మెకానికల్ విభాగాధిపతిగా బదిలీ అయ్యాను. వర్క్‌షాపు సీనియర్ టెక్నీషియన్ వెంకటరత్నం గారు నాకంటే ఒక్క ఏడాది చిన్న.

ఆగస్టులో అల్లవరం నుంచి సూర్యావతి గారనే రొయ్యల రైతు మా దగ్గరికి వచ్చారు. కరెంటు పోయినప్పుడు రెండు చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లు తిప్పడానికి ఆమె పాత కారు ఇంజనును గ్యాసుకు మార్పించి జనరేటరుకు బిగించుకున్నారు. గ్యాసు పాలు తక్కువై అప్పటికే ఒక వాల్వు కాలిపోయింది. ముసురు రోజుల్లో ఏరేటర్లు ఆగితే రొయ్య ఎంతోసేపు బతకదు.

పాళ్లు సరిచేయాలంటే ముందు కొలవాలి. పొగగొట్టంలో బిగించే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్, అక్కడ మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి ఇంధనం ఎక్కువైందో తక్కువైందో చెబుతుంది. దాని కంట్రోలర్‌ను వర్క్‌షాపులో మేమే తయారుచేశాం.

చెరువు గట్టు మీది షెడ్డులో జరిపిన తొలి పరీక్షలో సెన్సార్ హీటరు సరిగా వేడెక్కలేదు. ఇంజను ఆపించి, సవరించిన ఫర్మ్‌వేర్‌ను, అంటే కంట్రోలర్‌ను నడిపే ప్రోగ్రామును, లాప్‌టాప్ నుంచి చిప్‌లోకి ఎక్కించాను. దీన్ని ఫ్లాష్ చేయడం అంటారు. అందుకు చిప్‌ను ముందుగా పూర్తిగా చెరపాలి. దాంతో పాత కాలిబ్రేషన్, అంటే కొలతకు పెట్టుకున్న ఆధారం, కూడా పోతుంది; మళ్లీ పెట్టాలి. సెన్సార్‌ను గొట్టంలోంచి తీసి, బయటి గాలిలో ఉంచి మీట నొక్కితే, మామూలు గాలి అంటే ఇదని కంట్రోలర్ గుర్తుపెట్టుకుంటుంది. తరువాతి కొలతలన్నిటికీ అదే ఆధారం.

వెంకటరత్నం గారు ఇంజనుకు అవతల ఉన్నారు. నేను కూర్చున్న చోటికి గొట్టం కనిపించదు. సెన్సార్ బయటకు తీశారు కదా అని అడిగాను. “ఆయ్” అన్నారు. తీసేశారనే అనుకున్నాను. హీటరు కాగిన సంకేతం రాగానే నేనే మీట నొక్కి, ఆయన్ని ఇంజను స్టార్టు చేయమన్నాను. లోడు మీద వాల్వులు కాలకుండా గ్యాసు పాలు కాస్త ఎక్కువగా ఉంచాలి. కంట్రోలర్ తెర అలాగే చూపేవరకు సరిచేసి వచ్చేశాం.

నాలుగో రోజు మబ్బు పట్టిన ఉదయం కరెంటు పోయింది. ఇంజను నలభై నిమిషాలు నడిచి ఆగింది. మరో వాల్వు కాలింది. మేము చేరేసరికి ఒక చెరువులో చచ్చిన రొయ్యలను వలలతో తీస్తున్నారు. రెండో చెరువును పొరుగు రైతు ఇంజను కాపాడింది.

సెన్సార్‌ను ఊడదీసి గాలిలో పెట్టాను. ఇరవై ఒక శాతం చూపవలసిన తెర ఇరవై ఆరు చూపింది. అంత ఆక్సిజన్ ఏ గాలిలోనూ ఉండదు. గొట్టంలో మిగిలిన పొగనే కంట్రోలర్ మామూలు గాలిగా గుర్తుపెట్టుకుంది. ఆపైన ఎక్కువైనా తక్కువైనా ప్రతి తేడానూ పెంచి చూపడంతో, కొంచెమే ఎక్కువైన గ్యాసు తెర మీద కావలసినంత ఎక్కువగా కనిపించింది.

మీరు ఆయ్ అన్నారు కదా అని వెంకటరత్నం గారిని అడిగాను.

“ఆయ్, అన్నానండి. మీ మాట విన్నానని అన్నానండి. గొట్టం కాలిపోతోంది, చల్లారేక తీద్దామనుకున్నాను. ఇంతలో మీరు స్టార్టు చెయ్యమన్నారు. ఇంక తియ్యక్కర్లేదేమో అనుకున్నానండి.”

సూర్యావతి గారు వల కింద పెట్టి నా వైపు తిరిగారు. “ఆయ్ అంటే అయిపోయిందని ఎవరు చెప్పేరండీ మీకు? మా ఆయన వారం నుంచీ ఆయ్ అంటూనే ఉన్నారు, ఆ షెడ్డు రేకు ఊడి వేలాడుతూనే ఉంది. ఇంకో చెరువుందండి నాకు. ఈసారి మీరే లేచి చూడండి.”

వాల్వు మార్చాక, సెన్సార్ బయటి గాలిలోనే ఉందని దగ్గరికెళ్లి చూసి మీట నొక్కాను. ప్రిన్సిపాల్‌కు ఇచ్చిన నివేదికలో, మీట నొక్కిన వ్యక్తి గొట్టం చూడలేదని, ఆ వ్యక్తి నేనేనని రాశాను. వెంకటరత్నం గారు తానూ సంతకం పెడతానన్నారు. నేను ఒప్పుకోలేదు.

మిగిలిన సర్వీసులో ‘అయిందా’ అని ఎవరినీ అడగలేదు. ‘ఎంత చూపిస్తోంది’ అని అడిగాను. ఆ ప్రశ్నకు తెర చూడకుండా ఎవరూ జవాబు చెప్పలేరు.