పుస్తకానికి పెట్టిన బొట్టు

చిట్యాలలో మా ఇంటికీ పక్కింటి అక్క ఇంటికీ నడుమ నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు నాకు విషజ్వరం పట్టినప్పుడు ఆమె తొమ్మిది రోజులు జావ కాచి తెచ్చింది. నా మంచం పక్కన నిలబడి వాళ్ల యేసుకు ప్రార్థన చేసింది. లేచి తిరిగాక మా ఇంటి దేవుళ్లకు దీపం పెట్టాను. ఆమె దేవునికి మాత్రం ఏమని దండం పెట్టాలో తోచలేదు. ఎవరో తెలియకుండా మొక్కడం ఎట్లా? అందుకే ఆమె బైబిలు అడిగి తెచ్చుకున్నాను.

నేను బడికి పోలేదు. మా బాపు ఇంట్లోనే పలక మీద దిద్దించాడు. వేలు పెట్టుకుని మెల్లగా చదువుతాను. ఒకచోట, స్నేహితుడు చనిపోతే యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడని ఉంది. దేవుడే ఏడిస్తే మనం ఎవరి దగ్గరికి పోయి ఏడవాలి? ఆ పేజీ దాటలేకపోయాను.

ఇంతలో దసరా వచ్చింది. కత్తిపీటకు, కుట్టుమిషనుకు, పుస్తకాలకు బొట్లు పెట్టుకుంటూ పోయాను. చూసుకునేసరికి బైబిలు అట్ట మీద కూడా పసుపు, కుంకుమ. తడిగుడ్డతో తుడిస్తే ఎరుపు అట్టంతా పాకింది.

ఆదివారం ఆమె దాన్ని చర్చికి తీసుకుపోవాలి. కావాలని చేశాననుకుంటే? జావ పోసిన చేతికి నేనిచ్చేది ఇదా? మా దేవుళ్లనూ, ఆ యేసునూ క్షమించమన్నాను.

శనివారం పొద్దున్నే ఆమె వచ్చింది. “ఏం చెల్లె, మా పాస్టరయ్య కంటె ఎక్కువ సదువుతున్నవ్ గదా!”

పుస్తకం చేతికిచ్చాను. “అక్కా, దసరా నాడు అలవాటుల బొట్టు పెట్టిన. తుడిస్తె ఇంక కరాబైంది.”

ఆమె నవ్వలేదు. మరకను బొటనవేలితో రుద్దింది. “మా అమ్మ ఇచ్చిన పుస్తకమిది,” అంది.

“చర్చిల చూస్తె నన్నడుగుతరు. గా పాత క్యాలెండర్ చింపి అట్ట ఎయ్యి.”

క్యాలెండర్ మీద లక్ష్మీదేవి. చింపకుండా అట్లే పట్టుకున్నాను.

“బొమ్మ లోపలికి పెట్టు తల్లీ! గింత ఫికరు పడుడు కంటె జరమొచ్చుడే మంచిగుండె,” అని అప్పుడు నవ్వింది.

అమ్మవారి ముఖం మీద మడత పడకుండా అట్ట వేస్తూ అడిగాను. “దేవుడు గదా, ఎందుకేడ్చిండక్కా?”

“నువ్వు కండ్లు తెరవనప్పుడు నేనేడ్వలే?” అని పుస్తకం సంకలో పెట్టుకుని వెళ్లింది.

ఆదివారం ఆమె తిరిగి వచ్చేదాకా వాకిట్లోనే తిరిగాను. అట్ట జారిందేమో, ఇక పుస్తకం ఇవ్వదేమో, మాట్లాడదేమో. మధ్యాహ్నం గోడ మీదుగా పుస్తకం అందింది. మడత కదలలేదు.

“ఎవలన్న చూసిండ్రా అక్కా?”

“ఏడ్చినంక ఏం చేసిండో, ముందుగాల గది సదువు,” అంది.