పిన్ని కుంటకు రాతి గోడ

మా పిన్ని రోజూ పొద్దున్నే మొహం కడుక్కుని, కళ్ళు మూసుకుని దేవుణ్ణి వేడుకునేది. "మా ఆయన మోకాళ్ల నొప్పి తగ్గాలి, పిల్లలు చల్లగా ఉండాలి, నా కుంటలో కప్పల్ని కాపాడు తండ్రీ" అని నాకు వినపడేలానే అనేది. పక్క కుంట కప్పల ఊసు మాత్రం ఎత్తేది కాదు. అవి పిన్నితో పనిచేసే చిట్టివి.

నీటి పరిశోధన కేంద్రంలో ఇద్దరిదీ ఒకటే ఉద్యోగం. కప్పలెందుకు తగ్గిపోతున్నాయో కనిపెట్టడానికి చెరో కుంటా అప్పగించారు. చిట్టి వయసులో చిన్నది, పిన్ని దగ్గరే పని నేర్చుకుంది. కానీ చూడ్డానికి వచ్చినవాళ్లంతా తిన్నగా చిట్టి కుంటకే వెళ్లేవారు. చినుకు పడితే చాలు, అక్కడ బెకబెకల్లో మనిషి మాట వినపడేది కాదు. పిన్నికి కడుపు మండిపోయేది. తను తడిసి వస్తే చిట్టి పొడి తువ్వాలు తెచ్చి భుజాన కప్పేది. ఆ మంచితనం కూడా పిన్నికి గుచ్చుకునేది.

"ఆ బురదలో ఏముందని ఎగబడతారండీ?" అనేది బాబాయితో.

"కప్పలున్నాయి కదే" అనేవాడాయన, నవ్వాపుకోలేక.

చివరికి పిన్ని పై అధికారిని బతిమాలి తన కుంట చుట్టూ నున్నని రాతి గోడ కట్టించింది, గట్టు మీది గడ్డి మొత్తం పీకించింది. కుంట అద్దంలా మెరిసింది. అందరూ ఫొటోలు తీసుకున్నారు. ఆ వారమంతా పిన్ని చిట్టితో ఎంత ప్రేమగా మాట్లాడిందో!

వానలకు పిన్ని కుంటలో తోకకప్పలు బాగానే పుట్టాయి. వాటికి కాళ్లొచ్చాయి. ఇక గట్టెక్కి గాలి పీల్చుకోవాలి. ఎక్కబోతే గోడ మీద కాలు నిలవదు. ఒకనాటి ఉదయం పిన్ని వెళ్లేసరికి గోడ వెంబడి చిన్ని కప్పలు వెల్లకిలా తేలుతున్నాయి. కొన్ని ఇంకా జారుతూనే ఉన్నాయి.

పిన్ని కేక విని చిట్టి పరుగెత్తుకొచ్చింది. చెక్కపలక ఒకటి లాక్కొచ్చి నీళ్లలోకి ఏటవాలుగా దించింది.

"అక్కా, ఆ కొస పట్టుకోండి. జారుతోంది."

దేవుడి దయ, మిగిలినవి ఒక్కొక్కటే పలక మీదుగా పైకొచ్చాయి. పిన్నికి ఏడుపొచ్చింది. పలక సంగతి తనకే ముందు తట్టనందుకు ఒళ్లూ మండింది.

"చిట్టీ, గోడ పడగొట్టమని పై అధికారిని అడగాలే. ఒక్కదాన్నే వెళ్తే నోరు పెగలదు, తోడు రా. ఎందుకు కట్టించావని ఆయన అడిగితే మాత్రం, నువ్వు కాసేపు బయటికెళ్లి నిలబడు తల్లీ."