ముక్కు మీద లేని ఎరుపు

మా అక్కను వీధిలో అందరూ ‘మొటిమల డాక్టరమ్మ’ అంటారు. ఆ మాట చెవిన పడితే చాలు, తనకు ఒళ్ళు మండుతుంది. “డాక్టరు పని డాక్టరే చేయాలి. నేను మొహాలు శుభ్రం చేసేదాన్ని,” అంటుంది. లోపల గడ్డకట్టి చీము పట్టిన మొటిమలతో ఎవరైనా వస్తే చెయ్యి కూడా వేయదు. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళమని చీటీ రాసిచ్చి పంపేస్తుంది. గుమ్మంలోకి వచ్చిన గిరాకీని వెనక్కి పంపే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. మొదట్లో నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వింటే కదా!

మాకు ఉన్నవి రెండే గదులు. లోపలి గదిలో ఎత్తు మంచం, దాని తలవైపు అక్క కూర్చునే చక్రాల స్టూలు, గోడకు సీసాల అలమార. బయటి గది నా రాజ్యం. ఫోను ఎత్తేదీ, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టేదీ, తువ్వాళ్ళు ఉతికి ఆరేసేదీ నేనే. ఒకరి చేత మాట పడను, ఒకరిని అనకుండా ఊరుకోను. “నీ నోటికి తాళం వేస్తే మన పని రెండింతలు నడుస్తుందే,” అంటుంది అక్క. తాళం చెవి ఎక్కడుందో నాకే తెలియదని చెప్తుంటాను.

పద్దెనిమిదేళ్ళప్పుడు అక్క మొహం నిండా మొటిమలు. ఎవరో చెప్పారని ఒక పార్లరుకు వెళ్తే, అక్కడ ఆవిరి పట్టి, గరుకు పొడితో బరబరా రుద్ది, గోళ్ళతో గిల్లి పంపించారు. ఇంటికొచ్చి అద్దాన్ని గోడవైపు తిప్పేసింది. మళ్ళీ నెల రోజులకు గానీ దాన్ని ఇటు తిప్పనివ్వలేదు. ఆ గుంటలు ఇప్పటికీ తన ఎడమ చెంప మీద ఉన్నాయి. ఇలాంటి చర్మం ఉన్నవాళ్ళకు ఇలా జరగకూడదని అప్పుడే అనుకుందట. పట్టుబట్టి ఈ పనే నేర్చుకుంది. అమ్మ ఏడ్చింది, నాన్న మూడు నెలలు మాట్లాడలేదు. తను మాత్రం దిగిరాలేదు. ఉడుంపట్టంటే మా అక్కదే.

తన పద్ధతులు తనవి. కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటి రోజు ఏమీ చేయదు. వాడబోయే క్రీములు చెవి వెనకా, దవడ కిందా ఒక్కో చుక్క పెట్టి, “రెండు రోజులాగి రండి,” అంటుంది. సాయంత్రం ఫంక్షను ఉందని ఎంత బతిమాలినా అంతే. ప్రతి మొహానికీ ఒక అట్ట కార్డు ఉంటుంది. దాని మీద ఎర్ర సిరాతో ‘పడనివి’ అని రాసి, కింద ఆ చర్మానికి ఏవేవి పడవో పట్టీ వేస్తుంది. తేలిగ్గా కందిపోయే మొహాలకు ఆవిరి పెట్టదు. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన తువ్వాలును, ఊపిరాడేలా ముక్కూ నోరూ వదిలేసి, మిగతా మొహమంతా పరిచి మూడు నిమిషాలు ఉంచుతుంది. తర్వాత దూది చుట్టిన వేళ్ళతో, వచ్చినన్ని బ్లాక్‌హెడ్స్ మాత్రమే తీస్తుంది. రానివాటి జోలికి పోదు. చివర్లో చల్లటి జెల్లు రాసి పడుకోబెడుతుంది.

ఆ పద్ధతితోనే కండక్టరమ్మ మొహం బాగుపడింది. ఆ పిల్ల సిటీ బస్సులో కండక్టరు. మా దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడు కళ్ళు తప్ప మొహమంతా స్కార్ఫు చుట్టుకుని ఉంది. దుమ్ముకి అనుకున్నాను. లోపలి గదిలో తలుపు వేశాక కూడా విప్పడానికి పావుగంట పట్టింది. ఎనిమిది నెలల పాటు, పదిహేను రోజులకొకసారి, డ్యూటీ దిగి నేరుగా వచ్చేది. ఒకరోజు నవ్వుతూ వచ్చి, “అక్కా, ఇవాళ స్కార్ఫు లేకుండా బస్సెక్కాను. రోజూ ఎక్కే మామ్మగారు ‘కొత్తగా వచ్చావా అమ్మా’ అని అడిగింది!” అంది. అక్క కళ్ళనిండా నీళ్ళు. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి?

ఆ తర్వాత నెల తిరక్కుండానే, వానల మధ్య ఒక మధ్యాహ్నం ఆ పిల్ల మళ్ళీ స్కార్ఫు చుట్టుకుని వచ్చింది. అక్క సామాను తేవడానికి బజారుకు వెళ్ళింది. నేనొక్కదాన్నే ఉన్నాను.

“చూడండి,” అంటూ స్కార్ఫు దించింది. నుదురు, రెండు చెంపలు, గడ్డం ఎర్రగా కంది, సన్నటి పొక్కులు లేచాయి. ముక్కు మీద మాత్రం ఏమీ లేదు. “మొన్న ఇక్కడి నుంచి వెళ్ళిన రాత్రే మొదలైందండీ. మంట, దురద. ఇక్కడ ఏదో తేడా జరిగింది.”

ఆ మాటతో నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. మా అక్కను అంటావా?

“ఇక్కడ తేడా ఏం జరుగుతుంది? నువ్వేం తిన్నావో, ఏం పూసుకున్నావో! తెల్లబడదామని ఏదో చవక క్రీము రాసుకుని మా మీద పడితే ఎలా?”

“నేనేమీ రాసుకోలేదండీ. అక్క చెప్పినవే వాడుతున్నాను.”

“అందరూ అలాగే అంటారు.”

ఆ పిల్ల నా కళ్ళెదురుగానే స్కార్ఫు మళ్ళీ కళ్ళదాకా లాక్కుని, వానలోనే వెళ్ళిపోయింది.

అక్క వచ్చాక, నేనే గెలిచినట్టు ఇదంతా చెప్పాను. తను సంచీ కింద పెట్టకుండానే ఫోను చేసింది. ఒకసారి కాదు, ఏడెనిమిది సార్లు. ఆ పిల్ల ఎత్తలేదు. ఆ వారంలోనే ఇంకో ఇద్దరు మొహం మండుతోందని ఫోనులోనే చెప్పి, ఇక రామన్నారు. అక్క బయటి తలుపుకు ‘సెలవు’ అని కాగితం అంటించింది.

“ఎన్నాళ్ళే?” అన్నాను.

“కారణం దొరికేదాకా. అది తెలియకుండా ఇంకో మొహం ముట్టుకోను. దొరక్కపోతే బోర్డు దించేద్దాం.”

అది బెదిరింపు కాదని నాకు తెలుసు. తను బెదిరించదు, చేసేస్తుంది.

అలమారలో మేం వాడేవి ఏడు రకాలు. అక్కది కూడా ముట్టుకుంటే కందిపోయే చర్మమే కదా, తన మొహాన్నే పరీక్షకు పెట్టింది. ఒక్కో రకం రెండేసి రోజులు. పొద్దున్నే రాసుకోవడం, గంటగంటకూ కిటికీ వెలుగులో అద్దం పట్టుకుని చూసుకోవడం, కార్డు మీద రాయడం. కొత్త సీసా, పాత సీసా కూడా విడివిడిగా చూసింది. మధ్యలో అమ్మ వచ్చి, “చాల్లే, ముగ్గురికి పడకపోతే పని మానేస్తావా? తెరువు,” అంది.

“తెరిచి ఏం చెప్పనమ్మా? పడుకో, ఈసారి కాలదేమో చూద్దాం అని చెప్పనా?” అంది అక్క.

రెండు వారాలు గడిచాయి. ఏడూ ఏ పాపం ఎరగవని తేలింది. పదిహేనో రోజు పొద్దున అక్క వచ్చి ఎత్తు మంచం మీద పడుకుంది. “నువ్వు నాకు చెయ్యి. మొదటి నుంచి చివరిదాకా, నేను చేసినట్టే. ఒక్కటి కూడా వదలొద్దు.”

చేశాను. ఇన్నేళ్ళుగా చూస్తున్న పనే కదా. కడిగాను, అలమారలోంచి తువ్వాలు తీసి తడిపి పిండి పరిచాను, దూది చుట్టిన వేళ్ళతో తడిమాను, జెల్లు రాశాను. మంచి వాసన వేస్తోందని లోలోపల మురిసిపోయాను కూడా.

మర్నాడు పొద్దున అక్క చేతిలో అద్దంతో నా గదిలోకి వచ్చి నిలబడింది. నుదురు, చెంపలు, గడ్డం ఎర్రగా కంది ఉన్నాయి. ముక్కూ నోరూ మామూలుగా ఉన్నాయి.

ఆ ఆకారం నేను ముందే చూశాను. అరవడంలో పడి చూసీ చూడకుండా వదిలేశాను. క్రీములు ముక్కుకు కూడా రాస్తాం. మేం వాడేవాటిలో ముక్కును వదిలేసేది ఒక్కటే. ఆ ఒక్కటీ ఉతికేది నేనే.

వానలకు తువ్వాళ్ళు సరిగ్గా ఆరక ముక్క వాసన వేస్తుంటే, బట్టలు మెత్తగా, వాసనగా ఉండేందుకు కలిపే గులాబీ రంగు లిక్విడ్ ఒకటి కొని, నెల రోజులుగా చివరి నీళ్ళలో మూత నిండా పోస్తున్నాను. అక్కకు చెప్పలేదు. ఇది కూడా చెప్పాలా అనుకున్నాను.

అక్క ఇంకా అద్దంలోనే చూసుకుంటోంది. “అన్నీ మంచివేనే. నా చేత్తో రాసుకున్నప్పుడు ఏమీ కాలేదు, నీ చేత్తో చేస్తే ఇలా అయింది. మనుషుల చేతులే పడటం లేదేమో. మన చేతుల్లోనే ఏదో ఉందేమో. ఇక దించేద్దాం.”

ఆ క్షణంలో నాకొచ్చిన ఆలోచన చెప్పడానికి సిగ్గేస్తోంది. సీసా పారబోసి, తువ్వాళ్ళన్నీ వేడినీళ్ళలో మరోసారి ఉతికేస్తే అంతా సర్దుకుంటుంది. ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే చాలు. జన్మలో మొదటిసారి నోరు మూసుకోవాలనిపించింది. కానీ తను తన చేతుల వంక చూసుకుంటోంది. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. పరిగెత్తి ఆ సీసా తెచ్చి తన ముందు పెట్టాను.

“ఇది. తువ్వాళ్ళకి. నేనే.”

అక్క మూత తీసి వాసన చూసింది. మొదట “హమ్మయ్య!” అంది, నిజంగా, గట్టిగా ఊపిరి వదిలి. ఆ తర్వాత పడ్డాయి నాకు అక్షింతలు. ఇన్నేళ్ళలో తను అంత గొంతు పెంచడం నేను వినలేదు. తలొంచుకుని అన్నీ పడ్డాను.

అలిసిపోయాక అంది: “ఆ పిల్ల ఆ రోజు మొహం చూపించింది నీకే. నువ్వు అరవకుండా కూర్చోబెట్టి సరిగ్గా చూసి ఉంటే, ఇది ఆ రోజే తెలిసేది. పో. నాకు చెప్పినట్టు ఆ పిల్లకి చెప్పు.”

మర్నాడు ఆ పిల్ల డ్యూటీ చేసే బస్సెక్కాను. ఎక్కే ముందు ఒక పని చేశాను. ఆ తువ్వాలే తడిపి, రాత్రంతా నా మొహం మీద వేసుకుని పడుకున్నాను. నాది గేదె చర్మం అని అక్క వెక్కిరిస్తుంది కానీ, తెల్లారేసరికి గేదె కూడా కందిపోయింది.

బస్సు కిక్కిరిసి ఉంది. ఆ పిల్ల స్కార్ఫులోంచే “టికెట్, టికెట్” అంటూ వచ్చి, నన్ను చూసి ఆగింది.

“తప్పు నాదే,” అన్నాను, అందరికీ వినబడేలా. అరిచింది గదిలోనైనా ఒప్పుకోవడం నలుగురిలో ఉండాలని ముందే అనుకున్నాను. “నువ్వేమీ రాసుకోలేదు. నేనే తువ్వాళ్ళకి ఏదో కలిపి ఉతికాను. నా మొహం చూడు. నిన్ను అన్న మాటలకి సిగ్గుపడుతున్నాను.”

“ఏమైందమ్మా?” అని వెనక సీట్లోంచి ఎవరో అడిగారు. ఆ పిల్ల నా మొహాన్ని చాలాసేపు చూసి, “చల్లటి నీళ్ళు పట్టించండి. గోకకండి. వారం రోజులు ఏమీ రాయకండి,” అంది. అన్నీ మా అక్క మాటలే. తర్వాత, “మీ స్టాపు వచ్చింది, దిగండి,” అంది.

తలుపు మీది కాగితం తీసేశాం. మిగతా ఇద్దరికీ నేనే ఫోను చేసి చెప్పాను. ఒకరు వచ్చారు, ఒకరు తిట్టి పెట్టేశారు. కార్డుల మీద ‘తువ్వాలు’ అని అక్క కొత్త గడి ఒకటి గీసింది. నేను తువ్వాళ్ళను వాసన లేని సబ్బుతో ఉతికి, మూడు నీళ్ళలో జాడించి, ఇస్త్రీ పెట్టెతో పూర్తిగా ఆరబెడుతున్నాను. రోజూ పొద్దున దొంతరలోంచి ఒకటి తీసి ముందు నా మొహం మీద వేసుకుంటున్నాను.

నెల తర్వాత, అడక్కుండానే, కండక్టరమ్మ వచ్చింది. నన్ను పలకరించకుండా లోపలికి వెళ్ళి, స్కార్ఫు విప్పి మంచం మీద పడుకుంది. ఎరుపు పోయింది. అక్క కడగడం పూర్తిచేసి, తువ్వాలు అందివ్వమని నాకు సైగ చేసింది. తువ్వాలు తడిపి పిండి, పట్టుకుని నిలబడ్డాను.

ఆ పిల్ల కళ్ళు తెరిచి నన్ను చూసింది. “ఎవరు ఉతికారు?”

“నేనే.”

మళ్ళీ కళ్ళు మూసుకుంది.

“అయితే మీరే వెయ్యండి.”