వేపమండల వెనక రెండు పాసులు

నా చిన్నప్పటి సంగతులేమైనా చెప్పమని అడిగేవాళ్ళంతా మామిడిపళ్ళ కబుర్లకోసమే చెవులు రిక్కిస్తారు. నూజివీడు దగ్గర పెరిగినదాన్ని కదా, రసాలు జుర్రుకున్న ముచ్చట్లు చెబుతానని వాళ్ళ ఆశ. జుర్రుకున్నాను, కాదనను. కానీ ఆ తోట తలుచుకోగానే నా నోటికి వచ్చేది తీపి కాదు, తిట్టు. ఆ తోట ఆసామి మొహం కళ్ళ ముందుకొస్తుంది. ఆయన పోయి ఎన్నేళ్ళయిందో నాకు తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. సరే, ఆయన తోటలో నీడ బాగుండేది. అంతకుమించి నన్ను అడక్కండి.

మా అమ్మమ్మా తాతయ్యా ఆ తోటకి కాపలా ఉండేవాళ్ళు. పూత వచ్చిన దగ్గర్నుంచి ఆఖరి కాయ లారీ ఎక్కేదాకా తోటలో వేసిన గుడిసెలోనే వాళ్ళ కాపురం. కోతులొస్తే అరిచి తరమాలి, గాలి లేస్తే రాలిన కాయలన్నీ ఏరి కుప్ప పోయాలి, ఎవడైనా కంచె దూరితే పట్టుకోవాలి. ఒక్కరు తోట దాటి బయటికి వెళ్ళాలన్నా ఆసామిని అడిగే వెళ్ళాలి. వేసవి సెలవులు ఇవ్వగానే మా అమ్మ నన్ను తీసుకొచ్చి వాళ్ళ దగ్గర వదిలిపెట్టేది. బడి తెరిచేదాకా నేనూ ఆ చెట్ల కిందే పడి ఉండేదాన్ని.

మా పిన్ని, అంటే మా అమ్మ చెల్లెలు, ఆ గుడిసెలోనే పుస్తకాలు ముందేసుకుని చదివి, సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు తెచ్చుకుంది. అది ఎంత పెద్దదో పిన్ని చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవాళ్ళం. దాని లోపలే రోడ్లు, దాని లోపలే పోస్టాఫీసు, రోజంతా పరిశోధనలు చేసేవాళ్ళకి విడిగా భవనాలు. సర్కారు స్కాలర్‌షిప్ మీద హాస్టల్లో ఉండి చదువుకుంది. సెలవులకి ఇంటికొస్తే అమ్మమ్మతో పాటు కాయలు గంపలకెత్తేది. మా పేటలో ఆడపిల్ల సంగతి వదిలేయండి, మగపిల్లాడు కూడా అంత దూరం వెళ్ళి చదివింది లేదు.

ఇందులో ఆసామి చేసిందేమిటయ్యా అంటే, పిన్ని హాస్టల్లో చేరేటప్పుడు ‘ఈ అమ్మాయి మంచిది’ అని రాసిన కాగితం మీద ఒక సంతకం. ఒక్క సంతకం! దానికి ఆయన ఊరంతా తిరిగి, ఆ పిల్లని నేనే చదివించానని చెప్పుకున్నాడు. విస్సన్నపేట సంతలో చెప్పాడు, కాయలు కొనడానికొచ్చిన షావుకార్లకి చెప్పాడు. అప్పుడే ఆయనకి పంచాయతీ ఎన్నికల మీద కూడా కన్ను పడింది. కూలివాళ్ళ పిల్లని పెద్ద చదువు చదివించిన మహానుభావుడనిపించుకోవాలి కదా మరి.

పిన్ని చదువు పూర్తయింది. కాన్వొకేషన్ సరిగ్గా కాయ కోత జోరుగా సాగే రోజుల్లో వచ్చి పడింది. ఆ మాట నోరు తిరక్క మా అమ్మమ్మ దాన్ని పట్టాల పండగ అనేది. పిన్ని ముందుగా ఒక రోజు ఇంటికొచ్చి, పట్టా తీసుకునేవాళ్ళ తల్లిదండ్రులకి ఇచ్చే రెండు పాసులు అమ్మమ్మ చేతిలో పెట్టింది. అమ్మమ్మకి చదవడం రాదు. ఆ రెండు అట్టముక్కలూ వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, కళ్ళకద్దుకుని, దేవుడి పటం వెనక పెట్టింది. కోతలైపోయాక కట్టుకుందామని దాచుకున్న కొత్త చీర ఆ పూటే పెట్టెలోంచి తీసి దులిపింది.

సెలవు అడుగుదామని తాతయ్య పిన్నిని వెంటబెట్టుకుని ఆసామి ఇంటికి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. ఆయన అరుగు మీద కుర్చీలో కూర్చుని, మేం కింద నిలబడి ఉండగా, విని నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కంపరమే. మీరెళ్ళి అక్కడేం చేస్తారు, ఇంగ్లీషు ఉపన్యాసాలకి గుడ్లప్పగించి కూర్చుంటారా, అన్నాడు. ఆ పాసుల మీద తనూ తన భార్యా వెళతారట. పిల్లని చదివించినవాళ్ళు కాబట్టి ఆ కుర్చీలు వాళ్ళవేనట. పిన్ని తలెత్తి, “అవి అమ్మానాన్నలకి ఇచ్చినవండీ” అంది. ఆయన పిన్ని వంక కూడా చూడలేదు. తాతయ్య వైపు తిరిగి, “కోత రోజుల్లో మీలో ఎవరు తోట దాటినా, ఇక తిరిగి రానక్కర్లేదు. బయలుదేరే రోజు నేనే వచ్చి పాసులు తీసుకుంటాను” అన్నాడు. మా తాతయ్య చేతులు కట్టుకుని, అలాగేనండీ అన్నాడు. ఆ రోజు నాకు తాతయ్య మీద కూడా కోపమొచ్చింది.

గుడిసెకి రాగానే పిన్ని ఏడుపు మొదలుపెట్టింది. నేనసలు ఆ వేదికే ఎక్కను, పట్టా పోస్టులో తెప్పించుకుంటాను అంది. అమ్మమ్మ గంప పక్కన పెట్టి ఒక్క కసురు కసిరింది. “నోర్ముయ్. నువ్వు ఎక్కాలి, నేను చూడాలి. ఆ పట్టా ఏ రంగులో ఉంటుందో కూడా నాకు తెలీదు. పోస్టువాడు తెచ్చిస్తే చూడ్డానికా నిన్ను కన్నది?” అని, మర్నాడే పిన్నిని బస్సెక్కించి పంపేసింది. ఆసామి గురించి మళ్ళీ ఒక్క ముక్క మాట్లాడలేదు. తాతయ్య కూడా సరే ఒప్పుకుంది కాబోలు అనుకున్నాడు.

ఆసామి బయలుదేరాల్సిన రోజు పొద్దున్నే అమ్మమ్మ నన్ను లేపి, చాప మీద వేపాకు పరిచి, దాని మీద పడుకోబెట్టింది. మొహానికీ చేతులకీ పసుపు పూసింది. గుడిసె గుమ్మానికి రెండు వైపులా వేపమండలు కట్టింది. మా వైపు ఎవరికైనా ఆటలమ్మ పోస్తే చేసే పని అది. అమ్మవారు ఇంటికొచ్చిందంటారు. ఆ గుమ్మంలో బయటివాళ్ళు అడుగు పెట్టరు, ఇంట్లోవాళ్ళు బయట తిరగరు. ఇంట్లోంచి పుల్లముక్క కూడా ఎవరికీ ఇవ్వరు. పొయ్యి మీద తాలింపు వెయ్యరు. మామిడిపళ్ళ వేడికి అప్పటికే నా మొహం నిండా సెగ్గడ్డలు, వీపు నిండా చెమటకాయలు. పసుపు పూసేసరికి నన్ను చూసి నాకే నమ్మకం కుదిరింది.

నాకు జ్వరం లేదే అమ్మమ్మా అన్నాను. ఉండక్కర్లేదు, మూలుగు చాలు అంది. తర్వాత మూలన అమ్మవారని నిలిపిన పసుపు ముద్ద ముందు పెరుగన్నం పెట్టి, గట్టిగా, పక్కింటావిడతో మాట్లాడినట్టే మాట్లాడింది. “తల్లీ, నీ పేరు వాడుకుంటున్నాను. నీకు కోపమొస్తే నా మీద చూపించు, పిల్ల జోలికి రాకు. నువ్వూ తల్లివే కదా, నీకు తెలియదా ఏంటి” అంది. నాకు భయమేసింది. ఆ పూటంతా నా చేతులు చూసుకుంటూనే ఉన్నాను, నిజంగా ఎక్కడైనా పొక్కు లేస్తుందేమోనని.

ఎండ ముదిరే వేళకి ఆసామి కారు తోటలోకొచ్చింది. వెనక సీట్లో ఆయన భార్య పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ఆయన దిగి నాలుగడుగులు వేసి వేపమండలు చూసి ఠక్కున ఆగిపోయాడు. నేను శక్తికొద్దీ మూలిగాను. పాసులు బయటికి విసిరెయ్యమని అక్కణ్ణుంచే అరిచాడు. అమ్మమ్మ గుమ్మం లోపలే నిలబడి, ఎంత వినయంగా చెప్పిందనుకున్నారు! “అమ్మవారున్న ఇంట్లోంచి వస్తువు బయటికిస్తే అరిష్టం కదండీ అయ్యగారూ. పాసులు ఆ తల్లి పక్కనే ఉన్నాయి. కావాలంటే మీరే లోపలికొచ్చి తీసుకోండి” అంది.

ఆయన నమ్మాడో లేదో నేను చెప్పలేను. ఒక అడుగు ముందుకేశాడు కూడా. కానీ కార్లోంచి ఆయన భార్య కేక పెట్టింది. ఆ గుమ్మం తొక్కితే మళ్ళీ ఈ కారెక్కొద్దంది, ఇంటికి రావద్దంది, పిల్లలున్న ఇల్లని గుర్తుచేసింది. ఆయన మొహం ఎర్రబడింది. మమ్మల్ని, మా పేటని, మా చదువుల్ని కలిపి తిట్టిపోశాడు. పట్టా ఎగేసుకుని రానీ, దాని సంగతీ చూస్తానన్నాడు. మీ బుద్ధులు మారవన్నాడు. కారు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

కారు దుమ్ము సర్దుకున్నాక అమ్మమ్మ కొత్త చీర కట్టుకుంది. పటం వెనక నుంచి పాసులు తీసి జాకెట్లో దోపుకుంది. అప్పుడు అర్థమైంది మా తాతయ్యకి. నువ్వూ రా అందావిడ. కోతులు పడితే, కాయ పోతే నిజంగానే మన మెడకి చుట్టుకుంటుందని తాతయ్య ఉండిపోయాడు. అమ్మమ్మ చెట్ల చాటునే తోట దాటి, బస్సెక్కి ఏలూరు వెళ్ళి, అక్కడ రైలెక్కింది. అంతకుముందు ఆవిడ రైలెక్కిందే లేదు.

ఇక ఆవిడ వచ్చేదాకా మా పాట్లు వినండి. కోతకొచ్చినవాళ్ళు గుడిసె చుట్టుపక్కల చెట్ల జోలికి రాలేదు. కాయలు కోసే చిక్కాలు కట్టిన గెడలు భుజాన వేసుకుని దూరంగా చుట్టు తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు. దూరం నుంచే పిల్లకెలా ఉందని కేకేసి అడిగేవాళ్ళు. ముసలమ్మ ఏదంటే, పిల్ల దగ్గర కూర్చుందని తాతయ్య చెప్పేవాడు. వాసన బయటికి పోతుందని తాలింపు లేని పప్పే తిన్నాం. ఆసామి భార్య అమ్మవారికని చలివిడి చేయించి పంపితే, తెచ్చినవాడు కంచె దగ్గరే పెట్టేసి పరిగెత్తాడు. ఆ చలివిడి నేనూ తాతయ్యా కూర్చుని శుభ్రంగా తినేశాం. నాకు నవ్వొస్తే తాతయ్య నోరు మూసేవాడు. ఆయన మాత్రం ఒక్కసారి కూడా నవ్వలేదు. చప్పుడైతే చాలు, గుమ్మం వైపు చూసేవాడు.

అమ్మమ్మ పట్టపగలు తిరిగొచ్చింది. వెళ్ళినట్టు చెట్ల చాటుగా కాదు, ఊరి మధ్య వీధిలోంచి, అదే కొత్త చీరతో, తల్లో పూలతో. ఎవరో చూసి చెబితే తాతయ్య నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుంటూ పరిగెత్తాడు. నా మొహాన పసుపు ఇంకా అలాగే ఉంది. మేం వెళ్ళేసరికి అమ్మమ్మ తిన్నగా ఆసామి ఇంటి ముందు నిలబడి ఉంది. అరుగు మీద షావుకార్లు కూర్చుని ఉన్నారు. ఆసామి ఆవిణ్ణీ, ఆవిడ చీరనీ, పసుపు మొహంతో ఉన్న నన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు.

అమ్మమ్మ గొంతు పెంచలేదు. “చూసొచ్చానండీ అయ్యగారూ. నా కూతురు నల్ల గౌను వేసుకుని వేదికెక్కింది. దాని పేరు మైకులో పిలిచారు. మీ పేరు ఎవరూ పిలవలేదు. రెండు కుర్చీలిచ్చారు. ఒకదాంట్లో నేను కూర్చున్నాను. రెండోదాంట్లో నా సంచి పెట్టాను. ఎవరెవరో వచ్చి అడిగారు, ఇవ్వలేదు. అది మా ఆయనది. మీరొచ్చి అడిగినా ఇచ్చేదాన్ని కాదు” అంది.

పొద్దుగూకేలోగా గుడిసె ఖాళీ చెయ్యమన్నాడు ఆసామి. ఇంకా చాలానే అన్నాడు, అవి ఇక్కడ రాయను. అమ్మమ్మ అలాగేనండీ అని వెనక్కి తిరిగింది. తోట మధ్యలో, కాయలింకా చెట్ల మీద ఉండగానే, గిన్నెలూ చాపలూ మూట కట్టుకున్నాం. ఆ ఏడాది కాపలా పోయింది. ఆ చుట్టుపక్కల ఇంకెవరూ ఇవ్వకుండా కూడా చేశాడు మహానుభావుడు. మైలవరం వైపు కోత కూలికి పోయి ఆ వేసవి గడిపారు ఇద్దరూ.

మూట నెత్తికెత్తుకుంటూ తాతయ్య కోపం ఆపుకోలేకపోయాడు. వెళ్ళావు, చూశావు, బానే ఉంది, నోరు మూసుకుని గుడిసెలోకి వచ్చుంటే ఏ గొడవా ఉండకపోను కదే, వాడికి చెబితే గానీ నీకు అరగలేదా, అన్నాడు. అమ్మమ్మ తన మూట ఎత్తుకుంటూనే, “వెళ్ళడానికి అబద్ధమాడాను, తప్పలేదు. కన్నకూతురి పట్టాల పండగ చూసొచ్చి, చూడలేదని కూడా అబద్ధమాడనా? అదేమన్నా దొంగకాయా, కొంగులో దాచుకోవడానికి?” అంది. అంటూ ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే. కాస్త దూరం నడిచాక తాతయ్య, ఇంతకీ పిల్ల ఆ గౌనులో ఎలా ఉందే అని అడిగాడు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. మైలవరం రోడ్డెక్కేదాకా చెబుతూనే ఉంది, ఆయన మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉన్నాడు.

ఇప్పుడు నేను ఆ అమ్మమ్మ వయసు కూడా దాటేశాను. మా ఇంట్లో ఎవరు ఏ చదువు ముగించినా, ఏ మంచి జరిగినా, మెల్లిగా చెప్పవే, పదిమందిలో పడితే దిష్టి తగులుతుంది, ఫలానా పెద్దమనిషికి కోపమొస్తుంది, అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ పెద్దమనిషి ఇంటికే ముందు వెళతాను. గడప బయటే నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, మా పిల్ల సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పి వస్తాను. నన్ను గయ్యాళి అంటారు. అననివ్వండి. ఆ ఆసామి మీద కోపం నాకు ఈ రోజుకీ చల్లారలేదు, చల్లార్చుకునే ఉద్దేశం కూడా లేదు.