దిపువో అక్క కూర్చున్న చోటు

మా వీధిలో దిపువో అక్క కూర్చునే చోటుకి రెండు గొప్పలు. టాక్సీలు ఆగేది సరిగ్గా అక్కడే. పైగా ఆ ఏడు చలికాలంలో అక్కడి పేవ్‌మెంటు పలక వెచ్చగా ఉండేది. మొదటిది ఆమె ఊరందరితో కొట్లాడి సంపాదించుకుంది. రెండోది దానంతటదే వచ్చింది.

జోహన్నెస్‌బర్గ్ చలి పడ్డవాళ్ళకే తెలుసు. నడి చలికాలం జులైలో, నూనెలో వేయించే మాగ్విన్యా బూరెల పిండి పొంగాలంటే మధ్యాహ్నం దాకా ఆగాలి. పనులకు పోయేవాళ్ళకి అవి పొద్దున్నే వేడివేడిగా కావాలి. అక్క పిండి బేసిన్ని ఆ పలక మీద పెట్టి దుప్పటి కప్పేది. పొయ్యి మీద నూనె కాగేలోగా పిండి అంచు దాటి పొంగేది. పక్కనే పల్లీలు, విడి సిగరెట్లు అమ్ముకునే నేను కూడా సిగ్గు లేకుండా అటే కాళ్ళు చాపేదాన్ని. అక్క కూతురు చనిపోయాక ఇద్దరు మనవళ్ళని సాకుతున్నది ఆ పిండే.

నేల కింద మా పెద్దలు పొయ్యి రాజేశారే రోసినా, అనేది అక్క నాతో. పోయిన పెద్దల దాహం తీర్చకుండా వాళ్ళ మేలు తీసుకోకూడదు మాలో. అందుకని శుక్రవారం ఇంటికి పోయేముందు పలక మీద చిటికెడు ముక్కుపొడి చల్లి, ఒక డబ్బా జొన్న బీరు ఒంపేది. పలక పగుల్లోంచి బీరు సుయ్యిమని ఇంకిపోయేది. పెద్దలు తాగారని మురిసిపోయేది.

ఒకరోజు కరెంటు ఆఫీసులో పనిచేసే వుసుముజి మాగ్విన్యా కొనడానికి వచ్చి, పలక మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. రాగి కోసం దొంగలు కేబుళ్ళు కోసుకుపోతే, ఆఫీసువాళ్ళు ముక్కలు అతికించి మట్టి కప్పేసి పోయారట. ఆ అతుకే లోపల కాలుతోందట.

"అమ్మా, ఇది చలిమంట కాదు. ఏ పూటైనా పేలుతుంది. తడి తగిలితే ఇంకా తొందరగా. దీన్ని తవ్వించాలి, నువ్వు లే ఇక్కణ్ణించి."

అక్క గరిటె దించకుండానే నవ్వింది. "పలుగుతో పాటు పోలీసుల్నీ తెస్తారు నాయనా. వెనక వీధిలో నీళ్ళ పైపు పేరు చెప్పి లేపేస్తే, అక్కడ అమ్ముకునేవాళ్ళు మళ్ళీ కూచోగలిగారా? నా మనవళ్ళకి సంకటి నువ్వు పెడతావా?"

అతను డబ్బులిచ్చి పొట్లం తీసుకున్నాడు. ఫిర్యాదు మాత్రం రాస్తానని నాతో చెప్పి పోయాడు. రాశాడు కూడా. అప్పట్నుంచి లారీ చప్పుడైతే చాలు, అక్క ఉలిక్కిపడి వీధి మొగ వైపు చూసేది. ఎవరూ రాలేదు. మా ఆఫీసుల సంగతి తెలిసి కూడా భయపడింది వెర్రి మనిషి. కొరివితో తల గోక్కుంటున్నావు, చోటు మార్చు అని పోరాను. తను లేస్తే ఆ చోట్లో క్షణంలో ఇంకొకరు కూర్చుంటారంది. అదీ నిజమే.

ఎవరూ తవ్వడానికి రానందుకు పెద్దలకి మొక్కు చెల్లించాలని, ఆ శుక్రవారం రెండు డబ్బాల బీరు తెచ్చింది. రెండోది ఒంపుతుండగా పగుల్లోంచి నల్లటి పొగ లేచింది. అంతలోనే పెద్ద చప్పుడు, పలక ఎగిరిపోయింది. పొయ్యి మీద ఇంకా కాగుతున్న నూనె ఆమె ఒళ్ళో పడి అంటుకుంది. ఎవడో బకెట్టుతో నీళ్ళు తెస్తే, కింద కరెంటుందిరా అని ఇంకెవరో వాణ్ణి వెనక్కి లాగారు. నేను అక్కని రోడ్డు మీదికి ఈడ్చి దుప్పటి కప్పాను. అప్పటికే నడుం దాకా కాలింది. చుట్టూ నిలబడి ఫోన్లలో వీడియో తీసినవాళ్ళని తిట్టడానికి నాకు ఏ భాషలోనూ మాట దొరకలేదు.

కరెంటువాళ్ళు అప్పుడొచ్చారు, పరుగున. తవ్వారు, అతికించారు, సిమెంటు పోశారు, పోయారు. వెంట ఒక్క పోలీసూ రాలేదు. ఎవర్నీ లేవమనలేదు. మర్నాడు మేమందరం ఎవరి చోట్లో వాళ్ళం కూర్చున్నాం. అక్క చోట్లో ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తులమ్మే ఆమె బుట్ట దించింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమెకీ పిల్లలున్నారు.

ఆసుపత్రిలో అక్క ఒళ్ళంతా కట్లతో పడుకుని ఉంది. బతకదని నర్సు ముందే చెప్పింది. నన్ను గుర్తుపట్టగానే నొప్పి గురించి కాదు, మనవళ్ళ గురించి కూడా కాదు, తవ్వారా అని అడిగింది. తవ్వారన్నాను.

"మిమ్మల్ని తరిమారా?"

నోటిదాకా వచ్చిన నిజాన్ని మింగేశాను. "తరిమారక్కా. అందర్నీ తరిమారు. ఒక్కళ్ళనీ కూచోనివ్వడం లేదు."

"నే చెప్పలా" అని, అక్క నిమ్మళంగా కళ్ళు మూసుకుంది.