చూసే పేరు, తీసేసే పని

కెన్యాలోని కిసుములో మా ఆఫీసు గదిలో పనిచేసిన ప్రోగ్రామర్ అడోంగో గురించి ఇప్పటికీ ఒక మాట తిరుగుతూంటుంది. ఎవరో పెట్టిన పేరు నచ్చక, పొగరుతో అందరి పనీ ఆపేసి ఉద్యోగం పోగొట్టుకుందని.

ఆ గదిలో టీ కాచి, నూనెలో వేయించిన తీపి మందాజీలు తెచ్చిపెట్టేదాన్ని నేను. మూలన కూర్చుంటే అన్నీ వినపడేవి.

క్షయ ఆసుపత్రి కోసం వాళ్లొక ప్రోగ్రాం రాస్తున్నారు. మందుల రోజు రాగానే అది రోగుల ఫోన్లకు సందేశాలు పంపాలి. ఆ కంప్యూటర్ భాషలో రాసేవాళ్లకొక ఆచారం ఉంది. ప్రోగ్రాంలో ఒక్కో పని చేసిపెట్టే ముక్కను ఫంక్షన్ అంటారు. జాబితాలో ఒక్కొక్కరినీ పలకరించే ఫంక్షన్ ఊరికే చూసి వచ్చేదైతే ఒక పేరు పెడతారు, చూసినవాళ్లను జాబితాలోంచి తీసేసేదైతే వేరే పేరు. ఆ పేరును నమ్మే వాడుకుంటారు. మా ప్రోగ్రాంలో మాత్రం తీసేసేదానికి చూసేదాని పేరు ఉండిపోయింది. పాతవాళ్లకు అది అలవాటైపోయింది.

కొత్తగా చేరిన నెకెసా, రోగులు ఎంతమందో చూద్దామని దాన్ని వాడింది. లెక్క సరిగ్గానే వచ్చింది. ఆ వెంటనే జాబితా ఖాళీ అయింది, ఒక్క సందేశమూ వెళ్లలేదు. ఆసుపత్రికి ఇవ్వకముందు చేసే పరీక్ష కాబట్టి సరిపోయింది.

ఇక జన్మలో మర్చిపోదులే అని నవ్వాడు మా పై అధికారి ఒడెరా. అడోంగో నవ్వలేదు. పేరు మార్చేద్దామంది.

"మహాతల్లీ, ఆ పేరు ఎన్నిచోట్ల వాడామో తెలుసా? ఎల్లుండి అప్పగించాలి. ఇక్కడందరికీ తెలిసిందేగా," అన్నాడు ఒడెరా.

"ఈ గదిలో అందరికీ తెలుసు అన్నా. మన తర్వాత వచ్చేవాళ్లకి ఎవరు చెప్తారు? సందేశం రాక మందు మానేసేది మనం కాదు కదా."

అతను వద్దనే అన్నాడు. ఆమె మార్చేసింది. పాత పేరున్న ప్రతిచోటా ప్రోగ్రాం ఆగిపోయింది. ఆమే కూర్చుని అన్నీ సరిచేసేసరికి గడువు దాటింది. ఒడెరా ఆమెను పనిలోంచి తీసేశాడు. కొత్త పేరు మాత్రం ఉండిపోయింది.

వెళ్లేముందు నా దగ్గర టీ తాగింది. ఎవరో చేసినదానికి నువ్వెందుకు పోవాలక్కా అని అడిగాను. కప్పు తనే కడిగి బోర్లించి, అప్పుడు చెప్పింది.

ఆ పాత పేరు, పనిలో చేరిన కొత్తలో అడోంగో పెట్టిందే.