బండికి కళ్లద్దాలు

లారీ క్యాబిన్‌లోకి చీర కట్టుకుని ఎక్కడం ఎంత కష్టమో ఎక్కిన ఆడవాళ్లకే తెలుస్తుంది. ఆ రోజు మోకాలు చెక్కుకుపోయి, లోపలికి చేరేసరికే నేను లోకం మీద కోపంగా ఉన్నాను. అసలే నాకు నోటి దురుసు. గోదావరిఖనిలో ఇరవై ఏళ్లుగా ఇన్సూరెన్స్ పాలసీలు రాస్తున్నాను. మెత్తగా మాట్లాడితే ఎవరూ సంతకం పెట్టరని నా అనుభవం.

అప్పుడే కొత్త పాలసీ ఒకటి వచ్చింది. అది లారీకి కాదు, అందులో సరుకుకూ కాదు, డ్రైవర్లు క్యాబిన్‌లో పెట్టుకునే సొంత సామానుకు. దూరం పోయే బండికి ఇద్దరు డ్రైవర్లుంటారు. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు వెనక పడుకుంటారు. ఇద్దరి బట్టలు, దుప్పట్లు, స్టవ్వు, వంటగిన్నెలు అన్నీ ఆ ఇరుకులోనే. కాలిపోయినా, ఎవడన్నా ఎత్తుకుపోయినా ఇన్నాళ్లూ అడిగే దిక్కు లేదు. ఈ పాలసీ లారీ ఓనరు పేరు మీద ఉంటుంది గానీ, నష్టపోయిన డ్రైవర్‌కే పరిహారం వస్తుంది. అందుకని ఫారంలో ప్రతి వస్తువుకూ ఎదురుగా ‘ఎవరిది’ అని ఒక గడి ఉంది.

ఆ గడి నాకు బాగా నచ్చింది. మా నాయన బొగ్గుబాయి పనికి పోయే మనిషి. ఆయన టోపీ లైటుకు నంబరుండేది, ఆయనకూ ఒక నంబరుండేది. ఏ వస్తువు ఎవరిదో రాసి ఉంటేనే నాకు మనశ్శాంతి.

బసంత్‌నగర్‌లో సిమెంటు లోడు కోసం నిలబడ్డ లారీ అది. ఇద్దరిలో పెద్దాయన ఇక్కడి పల్లె మనిషే. పొలం బొగ్గు తవ్వకం కింద పోయాక స్టీరింగు పట్టుకున్నాడు. అందరూ ఆయన్ని కాక అనే పిలుస్తారు. చిన్నతను కోస్తా నుంచి వచ్చాడు, ముప్పై దాటి ఉంటాయి. అతనికి ఎక్కడా గది లేదు. ఉన్నదంతా సీటు కింద ఒక రేకు పెట్టెలో ఉంది.

“ఈ స్టవ్వు ఎవరిది కాకా?” అని మొదలుపెట్టాను.

“బండిది.”

“కుక్కరు?”

“బండిదే.”

“ఈ దువ్వెన?”

“అది సుత బండిదే బిడ్డా.”

నాకు ఒళ్లు మండింది. “బండి వండుకుంటదా? బండి తల దువ్వుకుంటదా? గీ ఒక్క ఫారం నింపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చేటట్టున్నది!”

చిన్నతను నవ్వాడు. “మేం అలాగే అంటామండి. నీది నాది అనుకుంటే ఈ ఇరుకులో ఇద్దరం పట్టం. ఏ సామానైనా పైకెక్కిందంటే ఇక బండిదే.”

“బండిదని రాస్తే క్లెయిము ఓనరుకు పోతది. మీ ఇద్దరికి చెయ్యి నాకుడే. ఇగ మీ ఇష్టం,” అన్నాను.

అప్పుడు పంచుకోవడం మొదలుపెట్టారు. స్టవ్వు కాకకు, కుక్కరు చిన్నతనికి. అన్నదమ్ములు వేరుపడుతున్నట్టు ముఖాలు చిన్నబుచ్చుకున్నారు. నేను రాసుకుంటూ పోయాను. చివరికి స్టీరింగు ముందర, అద్దం దగ్గర ఒక కళ్లజోడు కనిపించింది.

“మరి ఇవి?”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. “బండియి,” అన్నాడు కాక.

“బండికి కళ్లద్దాలా! హెడ్‌లైట్లు సాల్తలేవా?” అని పకపకా నవ్వాను. వాళ్లు నవ్వలేదు. చిన్నతని పక్కన న్యూస్‌పేపరు ఒకటి కనిపించింది, చదువుకునేవాడు ఇతనే అయి ఉంటాడనుకుని అతని పేరు గీకేశాను. “నీయే కద?” అంటే, “నావేనండి,” అని గబుక్కున అన్నాడు. కాక కిటికీలోంచి బయటికి చూశాడు. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

ఎండాకాలంలో ఆ క్యాబిన్ కాలిపోయింది. ధాబా దగ్గర ఆపి ఇద్దరూ అన్నం తింటుంటే లోపల వైరింగు అంటుకుంది. మనుషులకేం కాలేదు, సామాను మాత్రం బూడిదైంది. చిన్నతను నా ఆఫీసుకొచ్చి, “ఈ చొక్కా ఒక్కటే మిగిలిందండి,” అన్నాడు. “ఫికర్ చెయ్యకు తమ్ముడూ, అన్నీ రాసిపెట్టిన కద!” అని ధైర్యం చెప్పాను. నా రాత మీద నాకంత నమ్మకం.

నష్టం చూడటానికి కంపెనీ పంపిన సర్వేయరు లిస్టంతా చదివి కళ్లజోడు దగ్గర ఆగాడు. డాక్టరు రాసిన చీటీ కావాలన్నాడు. చిన్నతన్ని పిలిపించి అడిగాను.

“చీటీ లేదండి.”

“ఏ దవాఖానల సూపిచ్చుకున్నవ్?”

అతను చొక్కా గుండీలు సవరించుకున్నాడు. నాకు అనుమానమొచ్చింది. ఆ మూల గోడ మీది క్యాలెండరు చదవమన్నాను. అక్కడ్నుంచే తిథి, నక్షత్రం, వర్జ్యంతో సహా తడబడకుండా చదివేశాడు. నేను అతని మీద ఇంతెత్తున లేచాను. సంతకం చేసిన లిస్టులో ఒక్క అబద్ధం దొరికినా మొత్తం క్లెయిము ఆగిపోతుంది. అద్దాలు అసలు ఎవరివో ఉత్తరం రాసివ్వాలని, పాలసీ ఓనరు పేరు మీద ఉంది కాబట్టి దాని నకలు ఆయనకూ పోతుందని సర్వేయరు తేల్చి చెప్పాడు. ఓనరుకు పోతుందనగానే చిన్నతని ముఖం వాడిపోయింది. “అయితే నావేనండి,” అని మొండికేసి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే కాక ఒక్కడే వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“మా ఓనరు రూలు నీకెరుక లేదు బిడ్డా. కండ్లద్దాలు పెట్టుకున్నోనికి లాంగ్ ట్రిప్పు ఇయ్యడు. అవి పెట్టుకుంటే నాకు అంతా సాఫ్‌గ కనవడ్తది. డాక్టరు సుత నడుపుమన్నడు. ఓనరు వింటడా? అందుకే యార్డు గేటు రాకముందే తీసి ముందట పెడ్తుంటి. ఎవరన్న అడిగితే బండియి అంటుంటిమి.”

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఎంత నవ్వు నవ్వాను! హెడ్‌లైట్లు సాల్తలేవా అన్నాను! “తొందరల నేనే పేరు తప్పు రాసిన అని ఉత్తరం ఇస్త కాకా,” అన్నాను.

“మరి ఎవరియి అని అడగరా?”

“అడుగుతరు.”

“ఏమని చెప్తవ్?”

నేను ఫారం అటూ ఇటూ తిరగేశాను. కాక భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుని, చాలాసేపు క్యాలెండరు వైపే చూశాడు. అందులో ఒక్క అక్షరం కూడా ఆయనకు కనబడి ఉండదు.

“నాకు ఇల్లున్నది. ఇంట్ల ముసల్దున్నది. వానికి ఆ రేకు పెట్టె ఒక్కటే ఇల్లు. రాయి బిడ్డా. అద్దాలు నాయి.”

నేను కలం పట్టుకుని అలాగే కూర్చున్నాను. వినలేదనుకున్నాడేమో, “నాయే,” అని మళ్లీ అన్నాడు.

రాశాను. సంతకం చోటు ఆయన కంటికి ఆనలేదు. కాగితాన్ని దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. నా కళ్లజోడు తీసి చేతికిచ్చాను.

“ఎవరియి ఇయి?”

“ఆఫీసుయి కాకా. పెట్టుకో.”

తలెత్తి నన్ను చూసి, చిన్నగా నవ్వి, సంతకం పెట్టాడు.

క్లెయిము వచ్చింది. చిన్నతను కొత్త పెట్టె కొనుక్కున్నాడు. కాకను మాత్రం ఆ వారంలోనే బండి దింపి, యార్డులో టైర్లకు గాలి చూసే పనిలో పెట్టారు. నేను ఓనరు దగ్గరికి పోయి నోటికొచ్చినట్టు పోట్లాడాను. “రూలు రూలేనమ్మా,” అని టీ తెప్పించాడు. ఆ టీ తాగలేదు. అంతకు మించి ఏమీ చేయలేకపోయాను, అది ఇప్పటికీ నా మనసును తొలుస్తుంది.

ఏడాది తిరిగాక పాలసీ రెన్యువలు కోసం మళ్లీ అదే బండి ఎక్కాను. క్యాబిన్ బాగుచేశారు. చిన్నతని పక్కన కొత్త డ్రైవరున్నాడు. స్టవ్వు ఎవరిదంటే ‘బండిది’ అన్నారు, దుప్పటి ఎవరిదంటే ‘బండిది’ అన్నారు. ఈసారి నేను అరవలేదు. నిదానంగా పేర్లు అడిగి రాసుకున్నాను. స్టీరింగు ముందర, పాత చోటులోనే, కొత్త కళ్లజోడు ఉంది.

నేను అడగకముందే చిన్నతను చెప్పాడు. “అవి కాకవండి.”

“కాక ఈ బండి ఎక్కుతలేడు కద. ఇచ్చెయ్యకపోయినవా?”

“ఇచ్చానండి. క్లెయిము రాగానే ఇద్దరం వెళ్లి చేయించాం. ఒకసారి పెట్టుకుని చూసుకున్నాడు. ‘రోడ్డు చూసేటియి, యార్డుల నాకెందుకురా’ అని ఇక్కడే పెట్టేసి దిగిపోయాడు. రాయండి మేడమ్. బండివని మాత్రం రాయకండి.”

“బండి ఎక్కనోని సామాన్‌కు ఈ పాలసీ చెల్లదు తమ్ముడూ. పోతే ఏం రాదు.”

“తెలుసండి. అయినా రాయండి.”

ఇరవై ఏళ్లలో చెల్లని వరుస ఒక్కటి రాసిన పాపాన పోలేదు నేను. కళ్లజోడు అని రాసి, ‘ఎవరిది’ అన్న గడిలో కాక పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాను. తర్వాత బండి దిగి, సంతకం కోసం యార్డు వైపు నడిచాను. ఆయనకు చోటు ఆనదు కదా, నా కళ్లజోడు ముందే తీసి చేతిలో పట్టుకున్నాను.